ఉప్పు పెరికెల నుంచి పంటి డాక్టరు దాకా: మన నోటి ఆరోగ్య చరిత్ర

చరిత్ర అనగానే మనకు రాజులు, యుద్ధాలు, కోటలు గుర్తొస్తాయి. పళ్ళకు కూడా చరిత్ర ఉందని చెబితే హాస్టల్లో పిల్లలు నవ్వుతారు. కొందరు నోరారా నవ్వుతారు. కొందరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతారు. అలా చెయ్యి అడ్డం పెట్టుకునే పిల్లల కోసం, ఆ అలవాటుతోనే పెరిగి ఇప్పుడు కాలేజీకో ఉద్యోగానికో వెళ్తున్న మన తమ్ముళ్ళ, చెల్లెళ్ళ కోసం ఈ వ్యాసం రాస్తున్నాం.

మేము గిరిజన వసతిగృహంలో పిల్లల్ని చూసుకునేవాళ్ళం. ప్రతి జూన్‌లో ట్రంకు పెట్టెలతో దిగే కొత్త పిల్లల్లో ఎవరికో ఒకరికి బుగ్గ వాచి ఉంటుంది. రాత్రి మొదలైన పంటి నొప్పి తెల్లవార్లూ ఆ పిల్లనూ నిద్రపోనివ్వదు, పక్క మంచం పిల్లనూ నిద్రపోనివ్వదు. మర్నాడు లెక్కల పరీక్ష ఉంటే ఇక చెప్పనక్కర్లేదు. ఇంటికి ఫోన్ చేస్తే "పాల పన్నేలే మేడమ్, అదే ఊడిపోద్ది" అంటారు. మిరప కోతల రోజులైతే కూలి పోగొట్టుకుని రావడం ఆ తల్లిదండ్రులకు మాటలు కాదు.

"మీ వాళ్ళకు పళ్ళ మీద శ్రద్ధ ఉండదు" అనే మాట మనం చాలాసార్లు విన్నాం. ఆ మాట నిజం కాదు. పళ్ళు చూసుకోవడం మన పెద్దలకు తెలుసు. మారింది తిండి, మారింది బతుకు. దానికి తగిన వైద్యం మాత్రం మన తాండాల దాకా, మన పేటల దాకా ఆలస్యంగా వచ్చింది. ఇది ఎలా జరిగిందో నందిగామ, జగ్గయ్యపేటల నేల మీదనే నిలబడి చూద్దాం.

ధనబోడు కింద పందుంపుల్ల

మన ప్రాంతం పాత కృష్ణా జిల్లాకు మెట్ట. 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లాలో ఉంది. జగ్గయ్యపేట దగ్గర ధనబోడు అనే గుట్ట మీద బౌద్ధ స్తూపం ఉంది. 1882లో జేమ్స్ బర్జెస్ అక్కడ తవ్వించాడు. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని కాలం నాటి శాసనాలు దొరికాయి. అంటే దాదాపు 1,700 ఏళ్ళ కిందట ఇక్కడ బౌద్ధం బాగా నడుస్తూ ఉండేది. స్తూపం అంతకన్నా పాతది.

బౌద్ధ భిక్షువులు ఎలా బతకాలో చెప్పే పాళీ గ్రంథాల్లో 'చుల్లవగ్గ' ఒకటి. పందుంపుల్ల గురించి అందులో స్పష్టమైన నియమాలున్నాయి. పుల్ల నమిలితే అయిదు లాభాలట: కళ్ళకు మంచిది, నోరు కంపు కొట్టదు, నాలుకకు రుచి తెలుస్తుంది, తిండికి పైత్యం, కఫం అంటవు, తిన్నది ఒంటికి పడుతుంది. పుల్ల ఎనిమిది వేళ్ళ వెడల్పు కంటే పొడుగు ఉండకూడదు, నాలుగు వేళ్ళ కంటే పొట్టిగా ఉండకూడదు. ఎందుకంటే పొట్టి పుల్ల గొంతులోకి జారుతుంది. ఎంత చిన్న విషయం మీద ఎంత శ్రద్ధో చూడండి. ఏడో శతాబ్దంలో చైనా నుంచి వచ్చిన ఇ-త్సింగ్ అనే బౌద్ధ యాత్రికుడు, ఇక్కడి వాళ్ళు పుల్లలు నమలడం వల్ల పంటి నొప్పి చాలా అరుదని రాసుకున్నాడు.

సుశ్రుత సంహిత ఏ చెట్టు పుల్ల మంచిదో రుచిని బట్టి చెప్పింది. చేదులో వేప, వగరులో చండ్ర, తీపిలో ఇప్ప, కారంలో కానుగ. ఈ నాలుగు చెట్లనూ ఆకు చూసి, బెరడు చూసి గుర్తుపట్టగలిగేది ఎవరు? అడవితో, గట్టుతో, వాగుతో బతికిన మన తాతలు, నాయనమ్మలు. పుస్తకంలో రాసినవాళ్ళు వేరు కావచ్చు. చెట్టు ఎరిగిన చెయ్యి మాత్రం మనదే.

ఉప్పు మోసిన వాళ్ళం

పుల్ల తర్వాత పళ్ళకు మన ఇళ్ళలో వాడింది ఉప్పు, బొగ్గుపొడి, కచ్చిక. ఇందులో ఉప్పు కథ మన కథే.

లంబాడీ, లమాణి అనే పేర్లు 'లవణం' నుంచి వచ్చాయని చెప్పే పండితులున్నారు. లవణం అంటే ఉప్పు. పేరు సంగతి ఎలా ఉన్నా పని సంగతిలో అనుమానం లేదు. రైళ్ళు, లారీలు లేని రోజుల్లో సముద్రపు ఒడ్డు ఉప్పును లోపలి ప్రాంతాలకు చేర్చింది ఎద్దుల మందలతో నడిచిన మన సుగాలీలే. బండి పోలేని దారిలో ఎద్దు వీపు మీద పెరికె వేసి, రెండు వైపులా సరుకు నింపి, ఇంటిల్లిపాదీ వెంట నడిచేవాళ్ళు. వెళ్ళేటప్పుడు ఉప్పు, వచ్చేటప్పుడు ధాన్యం. మొగలాయి సైన్యాలు, నిజాం సైన్యాలు, ఆ తర్వాత ఇంగ్లీషు సైన్యాలు కూడా తిండిగింజల కోసం వీళ్ళ మీదనే ఆధారపడ్డాయి.

ఎరుకలవాళ్ళదీ ఇలాంటి బతుకే. 1909లో అచ్చయిన థర్స్టన్ పుస్తకంలో కొరవల శాఖల్లో 'ఉప్పు కొరవ' అనే పేరు కనిపిస్తుంది. ఎద్దుల మీద, గాడిదల మీద ఉప్పు వేసుకుని ఊరూరా తిరిగి అమ్మిన వాళ్ళు వీళ్ళు.

మచిలీపట్నం రేవు నుంచి హైదరాబాదు వెళ్ళే పాత దారి నందిగామ, జగ్గయ్యపేటల మీదుగానే పోతుంది. ఇప్పుడు మనం బస్సెక్కే 65వ నంబరు జాతీయ రహదారి దాదాపు అదే దారి. దానికి పక్కనే బేతవోలు అనే ఊరు ఉండేది. జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు తన తండ్రి పేరు మీద అక్కడ పేట కట్టించి జగ్గయ్యపేట అన్నాడు. పేట అంటేనే సరుకు దిగే చోటు.

మరి ఉప్పు మన చేతుల్లోంచి ఎలా పోయింది? 1805లో కంపెనీ ప్రభుత్వం మద్రాసు రాజధానిలో ఉప్పును తన గుత్త సొత్తు చేసుకుంది. 1889 నాటికి హైదరాబాదు నుంచి బెజవాడకు నిజాం రైలు వచ్చేసింది. ఎద్దు మోసే పెరికెకూ రైలు పెట్టెకూ పోటీ ఏముంటుంది? తరాల నాటి వ్యాపారం పోయింది. వ్యాపారం పోయి దారుల వెంట తిరుగుతున్నవాళ్ళను చూసి సర్కారు అనుమానించింది. 1871లో ఉత్తరాదిన మొదలైన నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు రాజధానికి వచ్చింది. ఎరుకలవాళ్ళ వంటి జాతుల మీద పుట్టుకతోనే నేరస్థులనే ముద్ర పడింది. ఆ చట్టం 1952లో గానీ రద్దు కాలేదు.

పళ్ళ వ్యాసంలో ఈ సంగతి ఎందుకని మీరు అడగవచ్చు. ఆసుపత్రికి పోవాలన్నా భయపడే స్వభావం ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఠాణాలో హాజరు వేయించుకోవాల్సి వచ్చిన తరం, సర్కారు గడప ఏదైనా ఒకేలా చూసింది. ఆ భయం మనవల దాకా దిగింది. ఇప్పుడు దాన్ని దించుకోవాల్సింది మనమే.

ఇక ఉప్పు గురించి నేటి వైద్యం ఏమంటుందో కూడా చెప్పుకోవాలి. గోరువెచ్చని నీళ్ళలో అర చెంచా ఉప్పు కలిపి పుక్కిలిస్తే వాచిన చిగురుకు ఉపశమనం వస్తుంది. ఇది డాక్టర్లూ చెప్పే మాటే. కానీ గల్లుప్పు, ఇటుక పొడి, బొగ్గు, బూడిద పెట్టి గట్టిగా రుద్దితే పంటి మీద ఉండే ఎనామిల్ పొర అరిగిపోతుంది. చర్మం గీరుకుంటే మళ్ళీ వస్తుంది. ఎనామిల్ పోతే మళ్ళీ పుట్టదు. తాతలు మంచి అలవాటు ఇచ్చారు. పనిముట్టు మాత్రం మార్చుకోవాలి.

తిండి మారింది, పొగాకు చేరింది

మన పెద్దలకు పుల్ల, ఉప్పు ఎందుకు సరిపోయాయి? వాళ్ళ తిండి వేరు. జొన్నరొట్టె, సజ్జ, పప్పు, ఆకుకూర, ఎప్పుడన్నా వేట మాంసం. అన్నీ నమలాల్సినవే. తీపి అంటే పండగకు బెల్లం, అడవిలో దొరికితే తేనె.

పళ్ళను పాడు చేసేది తీపి తిన్న మొత్తం ఒక్కటే కాదు, ఎన్నిసార్లు తిన్నామన్నది. ఇది ముందు తెలుసుకున్నది డబ్బున్నవాళ్ళే. పంచదార ఖరీదైన సరుకుగా ఉన్న కాలంలో, 1598లో, హెంట్స్‌నర్ అనే జర్మన్ యాత్రికుడు ఇంగ్లండు రాణి మొదటి ఎలిజబెత్‌ను చూసి ఆమె పళ్ళు నల్లగా ఉన్నాయని రాశాడు. ఇంగ్లీషువాళ్ళకు పంచదార ఎక్కువ వాడటం వల్ల వచ్చే లోపం అది అని కూడా రాశాడు. నాలుగు వందల ఏళ్ళ కిందట రాణికి వచ్చిన జబ్బు ఇవాళ అయిదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్టుతో, పంచదార టీతో, కూల్‌డ్రింక్ సీసాతో మన తాండా పిల్లకు వస్తోంది. రాణికి వచ్చినప్పుడు వైభవం. మన పిల్లకు వస్తే అశ్రద్ధ అంటున్నారు.

పొగాకు కూడా మన పూర్వీకుల సొత్తు కాదు. అమెరికా ఖండపు మొక్క. పోర్చుగీసువాళ్ళ ఓడల్లో మన దేశానికి వచ్చింది. చుట్టగా, నశ్యంగా, ఖైనీగా మన ఇళ్ళలో కూర్చుంది. ఉత్తరాంధ్రలో అడ్డపొగ అనే అలవాటు ఉంది. చుట్ట నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని పీలుస్తారు. శ్రీకాకుళం ప్రాంతంలో 10,169 మంది పల్లె ప్రజల నోళ్ళు పరీక్షించి పిండ్‌బోర్గ్, ఆయన తోటి పరిశోధకులు 1971లో ఒక పరిశోధన అచ్చువేశారు. అడ్డపొగ తాగేవాళ్ళ అంగిలి మీద పుండ్లు, మచ్చలు, క్యాన్సరు ఎలా వస్తున్నాయో అది ప్రపంచానికి చూపించింది. నోటి క్యాన్సరు గురించి చదివే డాక్టర్లు ఎక్కడున్నా మన తెలుగు పల్లెల ఈ సంగతి చదువుతారు.

మెట్ట ప్రాంతంలో చుట్ట తగ్గింది. దాని స్థానంలోకి కుర్రాళ్ళ జేబుల్లో గుట్కా, ఖైనీ పొట్లాలు వచ్చాయి. ఇంకొన్ని ఇళ్ళల్లో ఆడవాళ్ళు నశ్యం పొడిని పంటి నొప్పికి మందని చిగురుకు రాస్తారు. కాసేపు మొద్దుబారుతుంది. తర్వాత అది లేనిదే తెల్లవారదు. పళ్ళపొడుల్లో, పేస్టుల్లో పొగాకు కలపకూడదని మన ప్రభుత్వం 1992లోనే నిషేధించింది. 2003 పొగాకు చట్టం ప్రకారం 18 ఏళ్ళలోపు వాళ్ళకు పొగాకు అమ్మకూడదు, బడికి వంద గజాల్లోపు అసలు అమ్మకూడదు. 2011 ఆహార భద్రతా నిబంధనల ప్రకారం ఏ తినే పదార్థంలోనూ పొగాకు, నికోటిన్ ఉండకూడదు. చట్టం మన వైపే ఉంది. బడి పక్క బడ్డీకొట్టు దగ్గర ఆ మాట అడిగేవాళ్ళు కావాలి. నోట్లో రెండు వారాలు దాటినా మానని పుండు, తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, నోరు సరిగ్గా తెరుచుకోకపోవడం ఇవి కనిపిస్తే ఇక ఆగకూడదు.

పురుగు కాదు, పుల్లదనం

పన్ను పుచ్చితే "పురుగు పట్టింది" అంటాం. నేలములక గింజలు నిప్పుల మీద వేసి ఆ పొగ పట్టిస్తే పురుగులు రాలతాయని మన పల్లెల్లో వైద్యం చేసేవాళ్ళు. రాలినవి చూపించేవాళ్ళు కూడా. అవి గింజల లోపలి ముక్కలే. ఇది మన ఒక్కరి నమ్మకం అనుకుని సిగ్గుపడకండి. బాబిలోనియా నుంచి ఐరోపా దాకా వేల ఏళ్ళు ప్రపంచమంతా పంటి పురుగును నమ్మింది. 1728లో ఫ్రాన్సు దంతవైద్యుడు పియరీ ఫోషార్ తన పెద్ద పుస్తకంలో, సూక్ష్మదర్శినితో చూసినా తనకు పురుగులు కనబడలేదని రాశాడు.

అసలు కారణం 1890లో డబ్ల్యు.డి. మిల్లర్ చెప్పాడు. నోట్లో కంటికి కనబడని సూక్ష్మజీవులు ఉంటాయి. మనం తిన్న పంచదార, పిండి పళ్ళ సందుల్లో మిగిలితే అవి దాన్ని తిని ఆమ్లం తయారుచేస్తాయి. ఆ పుల్లదనం ఎనామిల్‌ను కరిగిస్తుంది. మజ్జిగ గిన్నెలో ఉంచితే గిన్నె కళాయి పోయినట్టే అనుకోండి. ముందు తెల్లటి మచ్చ, తర్వాత గోధుమ రంగు, తర్వాత గుంట. గుంట లోపలి నరం దాకా పోయినప్పుడు నొప్పి. అంటే నొప్పి వచ్చే నాటికి జబ్బు పాతదై ఉంటుంది. నొప్పి రాకముందే చూపించుకోవాలని డాక్టర్లు ఎందుకంటారో ఇప్పుడు తెలిసింది కదా.

నొప్పి భయం ఎలా తగ్గింది

పంటి వైద్యం కొత్తది కాదు. బలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్ తవ్వకాల్లో దొరికిన 9 మంది పెద్దవాళ్ళ పళ్ళలో 11 పళ్ళకు చెకుముకి రాతి మొనతో తొలిచిన రంధ్రాలు కనిపించాయి. అవి 7,500 నుంచి 9,000 ఏళ్ళ నాటివి. 2006లో ఈ సంగతి వెల్లడైంది. ఆ రోజుల్లో మత్తు లేదు. ఆ మనుషుల ఓర్పు ఎంతటిదో!

నొప్పి లేకుండా చేయాలన్న పట్టుదల పంటి డాక్టర్లదే. 1844 డిసెంబరులో అమెరికాలో హొరేస్ వెల్స్ అనే దంతవైద్యుడు నవ్వు వాయువు పీల్చి తన పన్నే పీకించుకున్నాడు. 1846లో మరో దంతవైద్యుడు మోర్టన్ ఈథర్‌తో ఆపరేషను చేయవచ్చని నిరూపించాడు. ఇవాళ ఏ పెద్ద ఆపరేషనుకు మత్తు ఇచ్చినా దాని వెనుక ఈ ఇద్దరు పంటి డాక్టర్లు ఉన్నారు. 1943లో స్వీడన్‌లో లిగ్నొకెయిన్ తయారైంది. మన ఊరి డాక్టరు చిగురుకు ఇచ్చే ఇంజెక్షను సాధారణంగా అదే. సూది గుచ్చినప్పుడు చీమ కుట్టినట్టు ఉంటుంది, తర్వాత పని అయ్యే దాకా నొప్పి తెలియదు.

అయినా మన ఇళ్ళలో భయాలు మిగిలే ఉన్నాయి. "పై పన్ను తీయిస్తే కంటిచూపు పోద్ది" అంటారు. కంటి నరం వేరు, పంటి నరం వేరు. చూపు పోదు. "క్లీనింగ్ చేయిస్తే పళ్ళు కదులుతాయి" అంటారు. ఏళ్ళ తరబడి పేరుకున్న గార, చిగురును తినేసి, తానే పన్నును పట్టుకుని ఉంటుంది. గార తీసినప్పుడు అప్పటికే జరిగిన నష్టం బయటపడుతుంది, అంతే. "కడుపుతో ఉన్నప్పుడు పళ్ళ జోలికి పోకూడదు" అంటారు. గర్భిణులకు చిగుళ్ళ వాపు ఎక్కువ. నాలుగో నెల నుంచి ఆరో నెల మధ్య వైద్యం చేయించుకోవడానికి అనువైన సమయం. విషయం డాక్టరుకు ముందే చెప్పాలి.

నీళ్ళు చేసిన మేలు, కీడు

పంటి చరిత్రలో తెలుగు నేలకు ఒక బాధాకరమైన చోటు ఉంది. 1930ల్లో అప్పటి నెల్లూరు జిల్లాలో ఉన్న దర్శి, పొదిలి ప్రాంతాల్లో ఎద్దులు కాళ్ళు బిగుసుకుపోయి నడవలేకపోవడం రైతులు గమనించారు. మనుషుల పళ్ళ మీద గోధుమ రంగు చారలు, నడుములు వంగిపోవడం కూడా ఉంది. 1937లో షార్ట్ తదితర వైద్యులు మద్రాసు రాజధానిలో ఈ జబ్బు నీళ్ళలోని ఫ్లోరైడ్ వల్లనేనని ప్రకటించారు. దానికి ముందు అమెరికాలో కొలరాడోలో మెక్కే అనే దంతవైద్యుడు 1901 నుంచి ఇలాంటి చారల వెంట పడ్డాడు. 1931లో చర్చిల్ అనే రసాయన శాస్త్రవేత్త నీటిలో ఫ్లోరైడ్ పట్టుకున్నాడు.

మన పక్కనే, కోదాడ వైపు వెళ్తే వచ్చే పాత నల్లగొండ జిల్లా ఈ జబ్బుతో దేశమంతా తెలిసింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో నీళ్ళలోని ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూరులోని నీరీ సంస్థ తయారుచేసింది. దానికి 'నల్లగొండ పద్ధతి' అనే పేరు.

విచిత్రం ఏమిటంటే ఇదే ఫ్లోరైడ్ కొద్ది మోతాదులో పన్నును గట్టిపరుస్తుంది. 1945 జనవరి 25న అమెరికాలోని గ్రాండ్ రాపిడ్స్ ఊరి నీళ్ళలో కొలిచి కలిపారు. పదకొండేళ్ళలో, ఆ తర్వాత పుట్టిన పిల్లల్లో పిప్పిపళ్ళు 60 శాతానికి పైగా తగ్గాయి. ఇవాళ చాలా టూత్‌పేస్టుల్లో ఫ్లోరైడ్ ఉండటానికి అదే మూలం. మందు మోతాదు మించితే విషమవుతుందన్న మన పెద్దల మాట ఇక్కడ అక్షరాలా నిజం.

నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించకపోతే మంచిది. వేరే దారి లేకపోతే 1.5 దాకా ఒప్పుకుంటారు. మీ తాండా బోరు నీళ్ళను పరీక్ష చేయించమని గ్రామ సచివాలయంలో అర్జీ పెట్టండి. చారలున్న పళ్ళు మురికి పళ్ళు కాదు. తోమకపోవడం వల్ల వచ్చినవి కాదు. మీ తరగతిలో అలాంటి స్నేహితుడు ఉంటే ఎగతాళి చేసేవాళ్ళకు ఈ మాట మీరే చెప్పండి.

చదివిన డాక్టరు, చట్టం ఇచ్చిన హక్కు

మన దేశంలో మొదటి దంత వైద్య కళాశాలను 1920లో డాక్టర్ రఫీఉద్దీన్ అహ్మద్ కలకత్తాలో పెట్టారు. 1948లో దంతవైద్యుల చట్టం వచ్చింది. అప్పటి నుంచి చదివి, పేరు నమోదు చేసుకున్నవాళ్ళే ఈ వైద్యం చేయాలి. బజారు పక్కన గుడ్డ పరిచి కట్టుడు పళ్ళు పెట్టేవాళ్ళ దగ్గర శుభ్రం చేసిన పనిముట్లు ఉండవు. ఒకరి రక్తం ఇంకొకరికి అంటితే కామెర్ల వైరస్ వంటివి వస్తాయి. వాళ్ళు అంటించే పన్ను పక్కనున్న మంచి పన్నును కూడా పాడుచేస్తుంది. చవక అనుకున్నది రెండింతల ఖర్చవుతుంది.

ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రి మనకు దగ్గరలో విజయవాడలోనే ఉంది. నందిగామ, జగ్గయ్యపేటల్లో ప్రభుత్వ ఆసుపత్రులున్నాయి. పంటి డాక్టరు ఏ రోజున ఉంటారో ముందు కనుక్కుని వెళ్తే ఒక రోజు కూలి మిగులుతుంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లో, ప్రభుత్వ బడుల్లో పిల్లలకు చేయాల్సిన పరీక్షల జాబితాలో పిప్పిపళ్ళు కూడా ఉన్నాయి. ఆ బృందం వచ్చిన రోజున మీ తమ్ముడినీ చెల్లెలినీ బడి మాన్పించకండి.

ఇక మన వంతు

పాల పళ్ళు 20. ఊడేవే కదా అని వదిలేయకూడదు. కింద ఎదుగుతున్న అసలు పన్నుకు అవే చోటు పట్టి ఉంచుతాయి. అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఒకటుంది. ఆరేళ్ళ వయసులో పాల పళ్ళ వెనుక, చివర ఒక పెద్ద దవడ పన్ను వస్తుంది. ఏ పన్నూ ఊడకుండానే వస్తుంది కాబట్టి ఇంట్లో ఎవరికీ తెలియదు. అది పాల పన్ను కాదు. జీవితాంతం ఉండాల్సిన పన్ను. మూడో తరగతిలో మా దగ్గరకు వచ్చే పిల్లల్లో మేము ఎక్కువగా పుచ్చిపోయి చూసేది ఆ పన్నునే.

రోజుకు రెండుసార్లు, మెత్తటి బ్రష్‌తో, రెండు నిమిషాలు. రాత్రి పడుకునే ముందు తోమడం పొద్దున తోమడం కంటే ముఖ్యం. మూడేళ్ళలోపు పిల్లకు బియ్యపు గింజంత పేస్టు, ఆరేళ్ళలోపు పిల్లకు బఠానీ గింజంత చాలు. ఉమ్మివేయడం నేర్పాలి. నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న ఊరైతే ఏ పేస్టు వాడాలో డాక్టరును అడగాలి. ఒకరి బ్రష్ ఇంకొకరు వాడకూడదు. మూడు నెలలకొకసారి మార్చాలి. పొలంలో ఉన్నప్పుడు వేపపుల్ల నమిలితే తప్పు లేదు. రాత్రికి మాత్రం బ్రష్ మరవకూడదు.

సైన్యంలో చేరాలనుకునే కుర్రాళ్ళు ఇది వినండి. సైన్యం వైద్య పరీక్షలో పళ్ళకూ మార్కులుంటాయి. 32 పళ్ళూ సరిగ్గా ఉంటే 22 పాయింట్లు. కనీసం 14 ఉండాలి. పై పన్నును దాని ఎదురు కింది పన్నుతో జతగా లెక్కిస్తారు: పెద్ద దవడ పళ్ళ జతకు రెండేసి పాయింట్లు, ముందు పళ్ళ జతకు ఒక్కొక్కటి. ఏడాది పాటు పొద్దున్నే లేచి పరిగెత్తిన వాడు ఒక గుట్కా అలవాటుతో, నాలుగు పుచ్చు పళ్ళతో వెనక్కి రావడం కంటే బాధ ఏముంటుంది?

ఉప్పు మోసిన దారి మీదనే ఇప్పుడు మన పిల్లలు బస్సుల్లో కాలేజీలకు వెళ్తున్నారు. నర్సింగు, ఫార్మసీ చదివేవాళ్ళు మన తాండాల్లో ఉన్నారు. బి.డి.ఎస్. కూడా మనకు అందని చదువు కాదు. ఇంటర్‌లో బైపీసీ తీసుకున్న చెల్లెళ్ళు నీట్ రాసేటప్పుడు ఎం.బి.బి.ఎస్. పక్కన ఆ పేరును కూడా చూడండి. మన భాషలో "ఎక్కడ నొప్పమ్మా?" అని అడిగే డాక్టరు ఉంటే ఆసుపత్రి గడప అంటే భయం సగం పోతుంది.

ఈ సంచికను ఫోనులో చదువుతున్నవాళ్ళు ఇవాళే ఒక పని చెయ్యండి. ఇంట్లో ఆరేడేళ్ళ పిల్ల ఉంటే ఎండలో కూర్చోబెట్టి, నోరు తెరిపించి, కింది దవడలో అన్నిటికంటే వెనుక పన్ను చూడండి. దాని మీద నల్లటి గీత గానీ చుక్క గానీ కనబడితే, నొప్పి కోసం ఎదురుచూడకుండా ఈ వారంలోనే డాక్టరుకు చూపించండి.